శిఖండి చేతిలో ఓపీ చీటీ

"శిఖండి" మనకు తిట్టు. పనికి అడ్డుపడేవాడిని, మగతనం లేదని మనం తీర్మానించినవాడిని అలా అంటాం. తమాషా ఏంటంటే భారతంలో శిఖండి కథ ఈ తిట్టుకి సరిగ్గా ఎదురు దిక్కులో నడుస్తుంది. ఉద్యోగపర్వం చివర భీష్ముడు దుర్యోధనుడికి చెప్పే కథ అది. ద్రుపదుడికి కూతురు పుడుతుంది. కొడుకని లోకానికి చెప్పి, కొడుకులాగే పెంచి, దశార్ణ రాజు హిరణ్యవర్మ కూతురితో పెళ్ళి చేస్తారు. సంగతి బయటపడుతుంది. మామగారు సైన్యంతో బయల్దేరతాడు. ప్రాణం తీసుకుందామని అడవికి పోయిన శిఖండినికి స్థూణాకర్ణుడనే యక్షుడు తన పురుషత్వాన్ని కొన్నాళ్ళకని అప్పిస్తాడు. వెళ్ళింది శిఖండిని, తిరిగొచ్చింది శిఖండి. అయినా కథ అక్కడ తెమలదు. అల్లుడు మగవాడో కాదో చూసి రమ్మని హిరణ్యవర్మ కొందరు ఆడవాళ్ళని పంపిస్తాడు. వాళ్ళు చూసి, అవునని చెప్పాకే ఆయన కోపం దిగుతుంది.

యుద్ధం, శాపం, భీష్ముడి చావు అందరికీ గుర్తుంటాయి. ఈ పరీక్ష ఎవరికీ గుర్తుండదు. నాకు మాత్రం కథ మొత్తంలో అదే ముల్లులా గుచ్చుకుంటుంది. ఆడపిల్ల అని రాయించుకుని పుట్టి మగవాడిగా బతికే మనిషిని ఇప్పుడు ట్రాన్స్ పురుషుడు అంటున్నాం. ఆ మనిషి ఎదురుపడగానే మనకి తోచే మొదటి పని పరీక్ష. చూడాలి, తేల్చాలి, రాసుకోవాలి. ఒంట్లో బాగోక వచ్చాడేమో అన్న ప్రశ్న చాలా వెనకాల వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. మన కథలకీ, చట్టాలకీ, ఆసుపత్రి కౌంటర్లకీ ఇదే అలవాటు ఉందని నాకనిపిస్తోంది. కరోనా రెండేళ్ళూ ఆ అలవాటు ఖరీదెంతో చూపించాయి.

నేను డాక్టర్ని కాను, లాయర్ని కాను. సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటూ, హిమాయత్‌నగర్‌లో ఉంటూ, సాయంత్రాలు పుస్తకాలు చదివే మనిషిని. ఈ వ్యాసాన్ని కూడా ఒక పాఠకుడి వ్యాసంగానే చదవండి.

*

ముందు కథల సంగతి. మగవాడిగా పెరిగిన ఆడపిల్ల కథ తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. మన దగ్గర ఏకంగా చరిత్రే ఉంది. కాకతీయ రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. గుణశేఖర్ 2015లో తీసిన "రుద్రమదేవి" సినిమా సగం ఆ రహస్యం మీదే నడుస్తుంది. రుద్రమ ట్రాన్స్ పురుషుడని నేననడం లేదు, అలా అనడానికి ఆధారమూ లేదు. నేను చెప్పేది ఆ కథ మనం ఎలా చెప్పుకుంటామన్న దాని గురించి. మగవేషం కథలన్నీ ఒకేలా ముగుస్తాయి. తలపాగా జారుతుంది, జుట్టు విరబోసుకుంటుంది, చూసేవాళ్ళు నోళ్ళు తెరుస్తారు. వేషం అబద్ధం, లోపలున్న ఆడమనిషి నిజం. ప్రేక్షకుడికి ఆ ముగింపు అందకపోతే కథ పూర్తయినట్టుండదు.

ఈ ముగింపు మన బుర్రల్లో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, బయట కూడా అదే వెతుకుతాం. గడ్డం, గొంతు, చొక్కా చూసి "సార్" అన్న కౌంటర్‌లోని మనిషి, ఆధార్ కార్డు తిప్పి చూసి ఒక్కసారి తల ఎత్తుతాడు చూడండి. అది ఆ తలపాగా జారిన సీనే. ఆయనకి సినిమాలో రహస్యం బయటపడినట్టుంటుంది. ఎదుటివాడు వచ్చింది జ్వరానికి.

భాషలోనూ ఈ తేడా ఉంది. ట్రాన్స్ స్త్రీలని అవమానించడానికి తెలుగులో మాటలకి కొదవ లేదు. ట్రాన్స్ పురుషుడికి తిట్టు కూడా లేదు. మహా అయితే "మగరాయుడు". పదేళ్ళప్పుడు ముద్దుగా, పదిహేనప్పుడు విసుగ్గా, ఇరవై దాటాక భయంగా ఇంట్లోవాళ్ళు అనే మాట. అందులో కూడా ఆ పిల్ల ఆడపిల్లే, కాస్త దారి తప్పింది, పెళ్ళయితే సర్దుకుంటుంది అన్న భరోసా ఉంది. తిట్టు లేకపోవడం గౌరవమేం కాదు, ఆ మనిషి ఉన్నాడని మన భాష ఇంకా ఒప్పుకోలేదనే దానికర్థం.

*

తెలుగులో ఈ దారిలో మనకున్న పెద్ద పుస్తకం "ఒక హిజ్రా ఆత్మకథ". తమిళనాడుకి చెందిన ఎ. రేవతి జీవితం అది. 2010లో ఇంగ్లీషులో వచ్చింది. పి. సత్యవతి గారు తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. కాచిగూడ నవోదయలో కొన్న నా కాపీలో, లాక్‌డౌన్‌లో రెండోసారి చదివినప్పుడు గీసుకున్న గీతలే ఎక్కువ.

సత్యవతి గారి తెలుగులో నాకు ముందు నచ్చింది ఆ నిరాడంబరత. జాలి పుట్టించే విశేషణాలు పెట్టరు. ఇంకో సంగతి అనువాదం గురించి ఆలోచిస్తే తట్టింది. తెలుగులో "నేను వచ్చాను" అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. హిందీలో అయితే అక్కడే తెలిసిపోతుంది. "నేను ఒంటరివాణ్ణి", "నేను ఒంటరిదాన్ని" అనాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగు కూడా తేల్చుకోమంటుంది. అంటే ఆత్మకథ చెప్పుకునే ట్రాన్స్ మనిషికి తెలుగు క్రియ నీడనిస్తుంది, తన గురించి తను ఒక మాట అనుకోగానే ఆ నీడ పోతుంది. ఏం చేశానో చెప్పినంతసేపూ బాధ లేదు. ఎవర్నో చెప్పాల్సిన చోటే చిక్కు.

రెండోసారి చదివినప్పుడు నా పెన్సిలు ఎక్కువగా ఆగింది వైద్యం దగ్గర. ఆపరేషన్ చేయించుకోవడం, డాక్టర్ల దగ్గర మర్యాద దక్కకపోవడం, ఆ తర్వాత హిజ్రాల ఇంట్లో నలభై రోజుల పథ్యం, ఆచారం. ఆసుపత్రి చేయని పనిని జమాత్ తన పద్ధతిలో, తన షరతులతో చేస్తుంది. గురువు, చేలాలు, అక్కచెల్లెళ్ళు అన్న ఆ కట్టు మీద రేవతికి ఫిర్యాదులున్నాయి, దాచుకోలేదు కూడా. కానీ జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చే మనిషి ఒకరుంటారు.

ట్రాన్స్ పురుషుడికి ఆ ఇల్లు లేదు. హిజ్రా జమాత్‌లాంటి తరాల నాటి వ్యవస్థ వాళ్ళ కోసం ఎప్పుడూ ఏర్పడలేదు. రేవతి తర్వాతి పుస్తకం "ఎ లైఫ్ ఇన్ ట్రాన్స్ యాక్టివిజమ్" 2016లో వచ్చింది. అందులో ఆమె తన కథ పక్కన ట్రాన్స్ పురుషుల కథలకి కూడా చోటిచ్చింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద పని. మైకు తన చేతికి రావడానికే ముప్పై ఏళ్ళు పట్టిన మనిషి, అది రాగానే పక్కవాడికి అందించింది. తెలుగులో మొదటి పుస్తకానికి వచ్చిన పేరు, జరిగిన చర్చ రెండోదానికి రాలేదు. ఎందుకంటే మొదటి పుస్తకంలో మనం చూడాలనుకున్నది ఉంది. చప్పట్లు, చీర, రైలు పెట్టె, ఆపరేషన్. రెండోదాంట్లోని మగవాళ్ళు మనలో కలిసిపోయి కనబడకుండా బతుకుతారు. కనబడని మనిషి మీద కుతూహలం పుట్టదు. కుతూహలం లేని చోట మన సాహిత్యం పెద్దగా నడవదు.

*

చట్టాన్ని కూడా పుస్తకంలా చదవొచ్చని నాకు ఈ మధ్యే తెలిసింది. హైదరాబాద్ సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. తర్వాతి రోజుల్లో తెలంగాణ యూనక్స్ యాక్ట్ అని పిలిచింది దాన్నే. నగరంలో ఉన్న నపుంసకుల పేర్లతో రిజిస్టరు పెట్టమంది. వీధిలో ఆడబట్టలు కట్టినా, ఆడిపాడినా వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చంది. ఎవరు నపుంసకులు? మగవాళ్ళై ఉండి, తామే ఒప్పుకున్నవాళ్ళు, లేదా వైద్య పరీక్షలో తేలినవాళ్ళు. మళ్ళీ పరీక్షే. హిరణ్యవర్మ పంపిన ఆడవాళ్ళ స్థానంలో సర్కారు డాక్టర్ వచ్చాడు, అంతే.

వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకెక్కితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దీన్ని కొట్టేసింది. అంటే కరోనా కాలమంతా ఈ చట్టం పుస్తకాల్లో బతికే ఉంది. ఆ చట్టంలో ట్రాన్స్ పురుషుడి ఊసే లేదని గమనించండి. శిక్షించడానికి కూడా ఆ మనిషి సర్కారుకి తట్టలేదు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చంది. 2019 చట్టం 2020 జనవరి 10న అమల్లోకొచ్చింది, అంటే దేశంలో మొదటి కరోనా కేసుకి మూడు వారాల ముందు. దాని 15వ సెక్షన్ ఆరోగ్యం గురించి. ఒక విమర్శకుడు పద్యంలో పదాల వరస చూసినట్టు ఆ సెక్షన్‌లో క్లాజుల వరస చూడండి. మొట్టమొదటిది హెచ్ఐవీ నిఘా కేంద్రాలు. ఆ తర్వాత సర్జరీ, హార్మోన్లు, కౌన్సెలింగ్. డాక్టర్ల చదువులో మార్పు, ఆసుపత్రుల్లో ప్రవేశం, బీమా ఆ కిందకి వస్తాయి. ఈ వరస ఊరికే రాలేదు. మన దేశంలో ట్రాన్స్ ఆరోగ్యానికి డబ్బు, జనం, క్లినిక్కులు ప్రధానంగా వచ్చింది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాల దారిలో. ఆ కార్యక్రమాలు హిజ్రాలని, ట్రాన్స్ స్త్రీలని ముప్పు ఎక్కువున్న వర్గంగా లెక్కేశాయి. ట్రాన్స్ పురుషులు ఆ లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానివాళ్ళకి ఔట్‌రీచ్ వర్కర్ ఉండడు, ఫోన్ నెంబరు ఉండదు, "బాగున్నావా" అని అడిగే స్వచ్ఛంద సంస్థ ఉండదు. మామూలు రోజుల్లో ఇది పెద్దగా బయటికి కనపడదు. ఊరు మూసేసిన రోజున మాత్రం కనపడుతుంది.

*

2020 మార్చి చివర్లో అమీర్‌పేట మెట్రో దగ్గర పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలతో మాట్లాడితే కరోనా వస్తుందని, కొట్టి తరమమని, లేదా పోలీసులకి ఫోన్ చేయమని వాటి సారాంశం. అప్పట్లో వార్తల్లోకొచ్చింది, ఫిర్యాదులూ వెళ్ళాయి. కనబడటం ఎంత ప్రమాదమో ఆ పోస్టర్లు చెప్పాయి.

కనబడకపోవడంలోనూ ప్రమాదముంది, అది వేరే రకం. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. ఉద్యోగాలు ఇంటికి చేరాయి. సిటీలో కుమార్‌గా బతుకుతున్నవాడు ఊళ్ళో మళ్ళీ కుమారి కావాల్సొచ్చింది. మూడు గదుల ఇంట్లో, నెలల తరబడి, పెళ్ళి సంబంధాల మాటల మధ్య. ఆసుపత్రుల్లో అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ వాయిదా పడ్డాయి. ఛాతీ ఆపరేషన్ కోసం ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకున్నవాడిది కూడా "అత్యవసరం కానిది" కిందే పడింది. గాంధీ ఆసుపత్రి మొత్తం కోవిడ్‌కే ఇచ్చేశారు. మా పక్కనే ఉన్న కింగ్ కోఠి ఆసుపత్రీ అంతే. 2020 జూలై వానలకి ఉస్మానియా పాత భవనంలోకి నీళ్ళొచ్చి ఖాళీ చేశారు. జనానికే ఓపీ దొరకని రోజులు. హార్మోన్ల గురించి అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలి?

టెస్టోస్టిరాన్ అంటే చాలామందికి జిమ్ముల్లో వాడే సరుకు. ట్రాన్స్ పురుషుడికి అది రెండు మూడు వారాలకోసారి, మందు రకాన్ని బట్టి కొన్ని నెలలకోసారి, జీవితాంతం పడాల్సిన ఇంజెక్షన్. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మధ్యలో ఆగితే నెలసరి తిరిగి రావచ్చు. మగవాడిగా బతుకుతున్న మనిషికి, తలుపు గడియ పడని ఇంట్లో, ఆ ఒక్క సంగతి ఎంత భారమో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. రక్తం చిక్కబడుతోందేమో అప్పుడప్పుడూ చూపించుకోవాలి కూడా.

నా స్నేహితుడొకడున్నాడు. పేరు రాయను, రాయొద్దన్నాడు. 2021లో తెలంగాణలో రెండో లాక్‌డౌన్, మే 12 నుంచి జూన్ 19 దాకా. మొదట్లో పొద్దున ఆరు నుంచి పది దాకే సడలింపు. ఆ నాలుగు గంటల్లో చీటీ పట్టుకుని హిమాయత్‌నగర్ నుంచి కోఠి దాకా మందుల షాపులు తిరిగాడు. మూడో షాపులో దొరికింది. సూది వేయడానికి మనిషి కావాలి. వెళ్ళిన చిన్న నర్సింగ్ హోమ్‌లో సిస్టర్, కార్డు మీదున్న పాత పేరుని హాలంతా వినబడేలా రెండుసార్లు పిలిచింది. లేవలేదు. మూడోసారి పిలిచేలోపు బయటికి వచ్చేశాడు. ఆ రోజు రాత్రి వీడియోలు చూసి తనే పొడుచుకున్నాడు. "ఆవిడ చెడ్డదేం కాదురా, ఆవిడ దగ్గరున్న కాగితం అలా ఉంది" అన్నాడు నాతో. ఆ కాగితం గురించే ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది.

*

నేను రోజూ చేసే పని కాగితాలని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఒక ఫారంలో "లింగం" అని డబ్బా పెట్టేటప్పుడు అది దేనికో ఎవరూ అడగరు. వార్డు కోసమా? పేరు ముందు శ్రీ, శ్రీమతి పెట్టడానికా? ల్యాబ్ రిపోర్టులో మామూలు స్థాయి ఎంతో నిర్ణయించడానికా? అన్నిటికీ ఒకే డబ్బా. హిమోగ్లోబిన్ మగవాళ్ళకి ఒక హద్దు, ఆడవాళ్ళకి దానికంటే తక్కువ హద్దు వేస్తారు. టెస్టోస్టిరాన్ వాడే ట్రాన్స్ పురుషుడి రక్తం మగవాళ్ళ హద్దులకి దగ్గరవుతుంది. కార్డులో "స్త్రీ" అని ఉంటే, ఒంట్లో అంతా బాగున్నా రిపోర్టులో ఆ అంకె ఎక్కువని నల్లగా పడుతుంది. "పురుషుడు" అని మార్చుకున్నాడనుకోండి, గర్భాశయ పరీక్ష కోసం అడిగితే సిస్టమ్ ఒప్పుకోకపోవచ్చు. మా భాషలో దీన్ని ఎడ్జ్ కేస్ అంటాం. తర్వాత చూద్దాం అని పక్కన పెట్టేదాన్ని అలా అంటాం. మనిషికి జ్వరమొచ్చిన రోజున ఆ "తర్వాత" ఇంకా రాలేదని తెలుస్తుంది.

కోవిన్ పోర్టల్‌లో పురుషులు, స్త్రీలు, ఇతరులు అని మూడు గడులుండేవి. ఎంతమంది "ఇతరులు" టీకా వేయించుకున్నారో రోజూ లెక్క చూపించేవారు. ఆధార్‌లో స్త్రీగా ఉన్న ట్రాన్స్ పురుషుడు స్త్రీల లెక్కలో, మార్చుకున్నవాడు పురుషుల లెక్కలో కలిసిపోయాడు. మూడో గడిలోని అంకె చూసి ట్రాన్స్ మనుషులకి టీకా అందిందా లేదా అని తేల్చడం, అచ్చయిన పుస్తకాలు చూసి ఎవరు ఏడ్చారో లేదో తేల్చడం లాంటిదే.

సాయం దగ్గరా అంతే. 2020లో కేంద్రం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి ఒక్కసారికి 1500 రూపాయలు ఇస్తామంది, 2021లో మళ్ళీ ఇస్తామంది. దానికి బ్యాంకు ఖాతా ఉండాలి, నేను ట్రాన్స్‌జెండర్ అని ముందుకొచ్చి చెప్పాలి. ఇంట్లోవాళ్ళకి తెలియకుండా బతికేవాడు ఆ మాట ఎలా చెప్తాడు? లాక్‌డౌన్‌లో రేషన్, మందుల కోసం వైజయంతి తెలంగాణ హైకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఈ కారణం వల్లే నాకు ముఖ్యమైన పాఠంగా కనిపిస్తుంది. అందులో బియ్యం, మందులు పక్కపక్కనే ఉన్నాయి. ఆకలి వేరు, మాత్ర వేరు అని ఆ పిటిషన్ అనుకోలేదు.

*

హిమాయత్‌నగర్ వై జంక్షన్ నుంచి నడిస్తే పావుగంటలో నారాయణగూడ. దేశంలోనే మొదటి ట్రాన్స్ క్లినిక్ "మిత్ర్" 2021 జనవరిలో అక్కడ మొదలైంది, రెండు వేవ్‌ల మధ్యలో. నడిపింది చాలావరకు ట్రాన్స్ మనుషులే. మామూలు జ్వరాల నుంచి హార్మోన్ల సలహా, మానసిక ఆరోగ్యం, హెచ్ఐవీ దాకా ఒకే చోట. స్త్రీ పురుష తేడా లేకుండా ట్రాన్స్ మనుషులెవరైనా వెళ్ళొచ్చు. మా స్నేహితుడికి దాని సంగతి ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి వెళ్ళొచ్చి చెప్పింది ఒకే వాక్యం: "ఏమని పిలవమంటారు అని అడిగారు." వైద్యం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అక్కడి వైద్యం ఆ ప్రశ్నతోనే మొదలైందని నేను తర్వాత అర్థం చేసుకున్నాను.

2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉస్మానియా ఆసుపత్రిలో చేరారు. రాష్ట్ర సర్కారు వైద్యంలో అది మొదటిసారి. అదే ఏడాది ఆగస్టులో, ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ బీమా ఇవ్వడానికి కేంద్రంలో ఒప్పందం జరిగింది. మంచిదే, కాకపోతే సర్టిఫికెట్ అన్న మాట దగ్గర మళ్ళీ హిరణ్యవర్మ గుర్తొస్తాడు.

మిత్ర్ నడిచింది అమెరికా విదేశీ సాయంతో. అది కూడా ఎయిడ్స్ నియంత్రణకని వచ్చిన డబ్బే. 2025 మొదట్లో అక్కడి ప్రభుత్వం సాయం ఆపేయగానే నారాయణగూడలో తలుపు మూతపడింది. కొన్ని నెలలకి టాటా ట్రస్ట్స్ అండతో "సబ్‌రంగ్" పేరుతో మళ్ళీ తెరిచారు. స్థూణాకర్ణుడు ఇచ్చింది కూడా అప్పే. కథలో కుబేరుడి శాపం పుణ్యమా అని ఆ అప్పు శిఖండి చనిపోయేదాకా సాగింది. నిజంలో అప్పులు అలా సాగవు. ఒక ఊరి మనుషుల ప్రాథమిక వైద్యం వేరే ఖండంలో ఎవరో పెట్టే సంతకం మీద ఆధారపడి ఉండటం మన సర్కారు వైద్యం గురించి ఏం చెప్తుందో వేరే చెప్పక్కర్లేదు.

*

కరోనా మీద తెలుగులో బోలెడు కవిత్వం, కథలు వచ్చాయి. నడిచి వెళ్ళిన వలస కూలీని మన రచయితలు చూశారు, రాశారు, మంచిగానే రాశారు. నడవడం రోడ్డు మీద జరిగింది కాబట్టి కనబడింది. తలుపు వెనక జరిగినవి చూడటానికి వేరే కన్ను కావాలి. ఇంట్లో ఇరుక్కుపోయిన ట్రాన్స్ పురుషుడి కథ రాయమని రచయితలకి చెప్పే హక్కు నాకు లేదు. రాస్తే ఒక్క సంగతి చూసుకోమంటాను. తలపాగా జార్చే సీను వద్దు. పరీక్ష గదిలోకి పాఠకుణ్ణి తీసుకెళ్ళొద్దు. మందు దొరికిందా, సూది వేసే చెయ్యి దొరికిందా, రిపోర్టు సరిగ్గా వచ్చిందా అన్నది కథ కాకపోదు. అందులో కావలసినంత ఉత్కంఠ ఉంది.

భాష మనకి సాయం చేస్తుంది. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీలని అమహత్తుతో కలిపి "వచ్చింది" అంటాం. బహువచనానికి రాగానే ఆడా మగా అందరూ ఒకటైపోయి "వచ్చారు" అవుతారు. మర్యాదకి వాడేది కూడా ఆ రూపమే. అంటే తెలుగులో మర్యాదగా మాట్లాడితే చాలు, ఎదుటి మనిషి ఆడో మగో తేల్చాల్సిన అవసరం రాదు. "ఏమండీ, మీరు ఎప్పటి నుంచి బాధపడుతున్నారు? జ్వరం ఉందా? కూర్చోండి." ఈ మూడు వాక్యాల్లో లింగం లేదు, వైద్యం ఉంది. ఏ సర్టిఫికెట్టూ అడగకుండా మన నాలుక మీద ఉన్న వాక్యాలివి. ఓపీ కౌంటర్లో పని చేసేవాళ్ళకి శిక్షణ ఇవ్వాలనుకుంటే సర్కారు ఇక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. డబ్బాలు, గడులు సరిచేసే పని మాలాంటివాళ్ళది. అది ఎడ్జ్ కేస్ కాదని ముందు మేం ఒప్పుకోవాలి.